అమ్మ నన్ను పిలవడం మానేసింది: చిన్నప్పటి పేర్ల సంగతి

నాగావళి_తీరం
ఏడు వారాలుగా మా అమ్మ నన్ను ఏ పేరుతోనూ పిలవడం లేదు. ఫోను చేస్తే "అన్నం తిన్నావా" అంటుంది, "పిల్లలు బడికి వెళ్ళారా" అంటుంది. ఆ మాటల ముందు ఉండవలసిన పిలుపు మాత్రం ఉండదు. కోపమా అంటే గొంతులో కోపం లేదు. ఆ ఒక్క ముక్కే లేదు.

మాది పార్వతీపురం దగ్గర ఒక పల్లె. బడి రిజిస్టరులో ఏ పేరు ఉన్నా ఊరంతటికీ నేను తవుడునే. నాకు ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదు. 1978లో నేను పుట్టగానే మా నాయనమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి పక్కింటి పెద్దమ్మ చేతిలో పెట్టేసి, ఆవిడకు కుంచెడు తవుడు కొలిచి పోసి తిరిగి కొనుక్కుందట. ఈ బిడ్డ కన్నవాళ్ళది కాదు, కొన్నవాళ్ళది అని మృత్యువుకు చెప్పడం అన్నమాట.

ఈ మధ్య హైదరాబాదులో మా గృహప్రవేశం జరిగింది. ఆఫీసు వాళ్ళు ఇరవై మంది దాకా వచ్చారు. భోజనాల బంతి మధ్యలో అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి "తవుడూ, ఆకులు చాలవు, చూడు" అని కేక వేసింది. అందరూ నా వైపు తిరిగారు. ఒకాయన "తవుడంటే గేదెలకు పెట్టేదే కదా" అన్నాడు. నవ్వులు. నేనూ నవ్వాను. ఆ రాత్రి నా భార్య అమ్మ దగ్గర కూర్చుని, నలుగురిలో ఆ పేరు వద్దత్తయ్యా అని మెల్లగానే చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ "సరేనమ్మా" అంది. ఆ తర్వాత నన్ను పిలవలేదు.

ఆ పేరు నలుగురిలో వినబడితే సిగ్గుపడింది నేను. వినబడకపోతే నిద్ర పట్టనిదీ నాకే. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? మళ్ళీ పిలవమని తల్లిని ఎలా అడగాలి?

కొబ్బరాకు
అడగడానికి ఏముందండీ. ఫోను చేసి "అమ్మా, తవుడుని మాట్లాడుతున్నాను" అనండి. మిగతాది ఆవిడే చూసుకుంటుంది.

సాయంత్రపు_నీడ
అంత తేలిక కాదు కొబ్బరాకు గారూ. "నేనూ నవ్వాను" అన్నారు చూడండి, ఆ తల్లి గుమ్మంలో నిలబడి ఆ నవ్వు కూడా చూసి ఉంటుంది.

పెన్నా_గట్టు
మీ వైపు తవుళ్ళు, తవిటయ్యలు, తవిటమ్మలు, తవిటినాయుళ్ళు ఎంత మందో మా అనంతపురం వైపు తిప్పయ్యలు, తిప్పమ్మలు అంత మంది. కన్నడంలో తిప్పె అంటే పెంటకుప్ప. కర్ణాటకలోని నాయకనహట్టి తిప్పేస్వామి మీద భక్తితో పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారనుకోండి. తమిళుల కుప్పుస్వామిలో ఉన్నదీ ఆ కుప్పే. పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డ పుడితే కుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి ఎత్తుకునేవారు, వాడు పెంటయ్య. ఎంగిలి విస్తరాకులో దొర్లించి తీస్తే పుల్లయ్య. జోలె పట్టి ఇంటింటా అడిగిన బియ్యంతో పేరు పెడితే బిచ్చమయ్య, ఆడపిల్ల అయితే బిచ్చమ్మ. ముక్కు కుట్టించి వదిలినవాళ్ళూ ఉన్నారు. ఎవరికీ అక్కరలేని బిడ్డ ఇది, దీని జోలికి రావద్దు అని దేవుడితో, దెయ్యంతో, ఇరుగుపొరుగు కళ్ళతో ఒకేసారి చెప్పిన అబద్ధం అది. ఇంత ప్రేమగా చెప్పిన అబద్ధం నేను ఇంకొకటి చూడలేదు.

మా మేనత్తకు ఇద్దరు పోయాక గూగూడులోని పీరు కుళ్ళాయిస్వామికి మొక్కుకుంది. మొహర్రానికి అక్కడికి వెళ్ళి చక్కెర చదివించి వచ్చింది. కొడుకు పుట్టాడు, కుళ్ళాయప్ప అని పెట్టింది. మా ఊళ్ళో బాబయ్య అనే పేరున్న హిందువులు డజను మంది ఉంటారు, అందరూ పెనుకొండ బాబయ్య దర్గా మొక్కుబడి బిడ్డలే. ఏ దేవుడు కాపాడితే ఆ దేవుడి పేరు. ఎవరూ మతం అడగలేదు.

తవుడు గారూ, (ఇలా పిలవవచ్చునా?) సిగ్గుపడవలసిన పేరు కాదు మీది.

నాగావళి_తీరం
పిలవండి పెన్నా_గట్టు గారూ. ఏడు వారాల తర్వాత ఒకరు పిలిచారు.

పాత_పుస్తకం
పుల్లయ్య అంటే గుర్తుకొచ్చింది. తొలినాళ్ళ తెలుగు సినిమాలకు ఇద్దరు పుల్లయ్యలు దర్శకులు: చిత్తజల్లు పుల్లయ్య, పోలుదాసు పుల్లయ్య. తెర మీద పెద్ద అక్షరాలతో ఆ పేరు పడేది, జనం దండం పెట్టేవారు. ముద్దుపేర్లూ అంతే. బాపు గారి అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. ఆ పేరుతో బొమ్మ కింద సంతకం ఉంటే మనం గుర్తుపట్టేవాళ్ళమా? కాకినాడలో పుట్టిన వైణికుడు చిట్టిబాబుకు తల్లిదండ్రులు పెట్టిన పేరు హనుమాన్లు. ఇంట్లో పిలిచే చిట్టిబాబే కచేరీ పేరైంది, తర్వాత కాగితాల్లోనూ అదే అయింది.

కొబ్బరాకు
కోనసీమలో మా వీధి ఒక్కదానిలో నలుగురు నానీలు, ఇద్దరు చంటిలు, ఒక అబ్బులు, ఒక బుల్లెబ్బాయి. "నానీ" అని కేక వేస్తే నాలుగు గుమ్మాల నుంచి "ఆఁ" అని వినిపిస్తుంది. అందుకని పోస్టాఫీసు నాని, కొబ్బరికాయల నాని, పెద్ద అరుగు నాని, ఉత్త నాని అని పంచుకున్నాం. ఉత్త నానికి ఇప్పుడు మనవడు పుట్టాడు. వాడినీ నాని అనే పిలుస్తున్నారు.

శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు పక్కన బ్రాకెట్లో ముద్దుపేరు వేయకపోతే ఆ పెళ్ళి ఎవరిదో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. మా పెదనాన్న గారబ్బాయి కార్డులో అది వేయలేదు. సొంత మేనమామ "ఎవరో పిలిచారు, ఎవరబ్బా" అని కార్డు పట్టుకుని మా ఇంటికే వచ్చి అడిగాడు.

డాక్టరమ్మ_మందారం
పిల్లల వైద్యురాలిని. తవుడు గారి మాటల్లో "నాకు ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదు" అన్న చోట ఆగాను. ఇలాంటి పేర్లన్నీ దాని నుంచే వచ్చాయి.

1971లో మన దేశంలో వెయ్యి మంది పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. ఇంటి పురుడు, కొడవలితోనో తుప్పు బ్లేడుతోనో బొడ్డు కోయడం, ఆ గాయానికి బూడిదో పేడో పూయడం. దాని వల్ల వచ్చే ధనుర్వాతం పుట్టిన మూడో రోజుకూ ఇరవై ఎనిమిదో రోజుకూ మధ్య, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో పట్టుకుంటుంది. అప్పటి దాకా చక్కగా పాలు తాగిన బిడ్డ ఉన్నట్టుండి తాగడం మానేస్తుంది. దవడ బిగుస్తుంది. దీన్ని ఊళ్ళలో దిష్టి అన్నారు, సంధి అన్నారు, గాలి అన్నారు. కారణం కనబడనప్పుడు తవుడు పోసి కొనుక్కోవడం తప్ప ఆ నాయనమ్మ చేతిలో ఇంకేమీ లేదు.

దేశవ్యాప్త టీకాల కార్యక్రమం 1978లోనే మొదలైంది, 1985లో అందరికీ విస్తరించింది. గర్భిణికి టెటనస్ సూది, ఆసుపత్రి పురుడు రావడంతో పరిస్థితి మారింది. 2015లో తల్లీబిడ్డల ధనుర్వాతం దేశంలో నిర్మూలన అయిందని ప్రకటించారు. 2020 నాటికి ఆ 129 కాస్తా 28 అయింది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో తవుడు లేడు, పెంటయ్య లేడు. ఆ పేర్లు లేకపోవడం నాకు సంతోషం. ఉన్నవాళ్ళ మీద గౌరవం.

ఇంకో సంగతి. చీటీ మీద రాసిన పేరుతో పిలిస్తే ఏడాది బిడ్డ తల తిప్పదు. తల్లిని అడిగి "పండూ" అంటే తిప్పుతుంది. అందుకే మా నర్సు ప్రతి చీటీ మూలన ముద్దుపేరు రాసి పంపుతుంది.

రాతిబండ
అందరూ ప్రేమ, ప్రేమ అంటున్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. మా వాడలో మా తాతల తరానికి ఊళ్ళో పూర్తి పేరు ఉండేది కాదు. వెంకటస్వామి అయితే వెంకిగాడు, నరసయ్య అయితే నరిసిగాడు. ఆయనకన్నా ముప్పై ఏళ్ళు చిన్నవాడు అరుగు మీద కూర్చుని మా తాతను అలా పిలిచేవాడు. తాత చెప్పులు చేతిలో పట్టుకుని "అయ్యా" అనేవాడు. అయ్య, స్వామి అన్న గౌరవపు ముక్క మా పేర్లకు ఉండకూడదని కోసి పారేశారు. దాన్ని ముద్దుపేరు అనడానికి నాకు నోరు రాదు.

మా నాన్న టీచరు ఉద్యోగం వచ్చిన నెల జీతంతో ఇత్తడి పలక చేయించి తలుపు మీద బిగించారు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు. ప్రతి ఆదివారం చింతపండుతో దాన్ని తోమేవారు. మా అమ్మ అంట్లు తోముతుంటే పక్కనే కూర్చుని ఆయన పలక తోముకునేవారు. నాకు ఇంట్లో ముద్దుపేరు లేదు. చిన్నప్పటి నుంచీ పూర్తి పేరుతోనే పిలిచారు. ఎందుకో పెద్దయ్యాక తెలిసింది.

పెన్నా_గట్టు
రాతిబండ గారూ, మీ మాటకు ఎదురు చెప్పను. మా ఊళ్ళోనూ అదే జరిగింది, అరుగు మీద కూర్చున్నవాళ్ళలో మా వాళ్ళూ ఉన్నారు. కాకపోతే తల్లి నోట్లోని పేరునూ అరుగు మీది పేరునూ ఒక్క గాటన కట్టలేము కదా.

రాతిబండ
నేను కట్టడం లేదు. ఆ పేరు పెట్టిందెవరు, పలికేదెవరు, వద్దన్నప్పుడు ఆపారా లేదా, ఇవి చూడమంటున్నాను. తవుడు గారి అమ్మ ఒక్కసారి చెబితే ఆపేసింది. మా తాతను పిలిచినవాళ్ళు ఆయన కాటికి వెళ్ళే దాకా ఆపలేదు.

నల్లకలువ
వద్దన్నప్పుడు ఆపడం గురించి నేను చెప్పాలి. పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో నన్ను "కర్రి" అన్నారు. నా తర్వాత పుట్టిన చెల్లెలిని "బంగారి" అన్నారు. ఇద్దరినీ ఒకే గొంతుతో, ఒకే ముద్దుతో పిలిచేవారు, అందుకే చాలా కాలం ఆ రెండు మాటలకూ అర్థం ఉందని నాకు తట్టలేదు. నాకు పన్నెండేళ్ళప్పుడు సంక్రాంతికి మామయ్య రెండు పరికిణీలు తెచ్చాడు. గులాబి రంగుది నేను తీసుకున్నాను. "కర్రికి ఆ రంగు నప్పదు, బంగారికి ఇవ్వండి" అన్నాడు. ఇచ్చేశాను.

నిరుడు, ముప్పై ఏడేళ్ళ వయసులో, ఆ పేరుతో పిలవవద్దని అమ్మతో చెప్పాను. ఏడ్చింది. "ఇన్నాళ్ళూ నొప్పిగా ఉంటే చెప్పలేదేమే" అంది. మానేసింది, ఇప్పుడు "అమ్మడూ" అంటోంది. కాబట్టి తవుడు గారి భార్య నోరు తెరిచి చెప్పడాన్ని ఎవరూ తప్పు పట్టకండి. చెప్పకపోతే పెద్దవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

నాగావళి_తీరం
నా భార్య తప్పు ఏమీ లేదు నల్లకలువ గారూ. ఆ రోజు వాళ్ళు నవ్వినప్పుడు నా మొహం చూసింది ఆమె ఒక్కతే. నా కోసమే చెప్పింది. ఇప్పుడు అత్తగారు నన్ను పిలవకపోవడం గమనించి నాకన్నా ఎక్కువ బాధపడుతున్నదీ ఆమే.

గోల్‌బజార్_ఖరగ్‌పూర్
మా ముత్తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చారు. ఇక్కడ బెంగాలీలకు ఒక్కొక్కరికి రెండు పేర్లు తప్పనిసరి. బయటికి భాలోనామ్, ఇంట్లోకి డాక్‌నామ్. డాక్‌నామ్ అంటే పిలిచే పేరు అనే అర్థం. డెబ్బై ఏళ్ళ ప్రొఫెసరు గారిని వీధిలో "ఖోకా" అంటారు. ఖోకా అంటే చంటి కుర్రాడు. ఆయన ఠక్కున తిరిగి చూస్తారు, పక్కన విద్యార్థులు ఉన్నా సరే. ఎవరూ నవ్వరు, ఎందుకంటే నవ్వేవాడికీ ఇంటి దగ్గర ఒకటి ఉంటుంది.

మా అమ్మమ్మ పేరు తవిటమ్మ. నాకు తెలుగు చదవడం వచ్చినా ఆ పేరుకు అర్థం ఈ రోజు ఇక్కడే తెలిసింది.

డల్లాస్_దొండపాదు
మా వాడు ఆరుద్ర నక్షత్రంలో పుట్టాడు. కూ, ఘ, ఙ, ఛ. ఈ అక్షరాలతో పేరు వెతకడానికి రెండు కుటుంబాలూ మూడు వారాలు ఫోన్ల మీద కూర్చున్నాయి. ఈలోగా మా అత్తగారు మొదటి అక్షరం పట్టుకుని "కూచి" అనడం మొదలుపెట్టారు. ఇక్కడ బడిలో టీచర్లకు పలకడానికి వీలుగా వేరే పేరు పెట్టాం. కానీ ఇప్పుడు పదకొండేళ్ళు, ఇంకా నా కొంగు వదలడు. అమ్మకూచి అనే మాట వాడి కోసమే పుట్టినట్టుంది.

బడిపంతులు_ఓరుగల్లు
ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ బడిలో పనిచేసి దిగిపోయాను. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా, పంపే వారం మాకు ఇంచుమించు రెండో బారసాల. పరీక్ష మెమోలో ఏ పేరు పడితే జీవితమంతా అదే, తర్వాత మార్చుకోవాలంటే గెజిట్ దాకా వెళ్ళాలి. ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చిన తండ్రిని పేరు అడిగితే ఇంట్లో పిలిచేదే చెబుతాడు. రాసుకునేవాడు అదే రాసుకుంటాడు. అలా మా రిజిస్టర్ల నిండా బుజ్జి, చిన్ని, బుడ్డ, చిట్టి. 1969 జనన మరణాల చట్టం ప్రకారం జననం నమోదైన ఏడాది లోపు రుసుము లేకుండా, పదిహేనేళ్ళ దాకా ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. ఆ సంగతి మా తండాల్లో ఎవరికి తెలుసు?

ఒక ఏడాది బుడ్డి అనే అమ్మాయి వచ్చింది. రిజిస్టరులో అదే ఉంది. స్టాఫ్ రూములో కూర్చోబెట్టి "నీకు ఏ పేరు కావాలి, నువ్వే చెప్పు" అన్నాను. రేపు చెబుతాను సార్ అంది. మర్నాడు వచ్చి, అమ్మను అడిగాను, నాకు బుడ్డి అనే ఉంచండి, వెనక దేవి అని చేర్చండి అంది. బుడ్డిదేవి. అలాగే పంపాను. ఇప్పుడు ఆమె ఏ.ఎన్.ఎం. చొక్కా గుండీ పెట్టుకుంటూ ఆమె దగ్గర బి.పి. చూపించుకుని వచ్చాను పోయిన నెల.

సాయంత్రపు_నీడ
పంతులు గారూ, "నువ్వే చెప్పు" అని అడిగిన టీచరు మాకు దొరకలేదు. నా మెమోలో ఇప్పటికీ "బేబి" అనే ఉంది. నాకు యాభై రెండు.

కొబ్బరాకు
బేబి గారూ, మా పెద్దమ్మ పేరూ బేబియే. ఆవిడకు ఎనభై. "బేబి మామ్మ" అని మునిమనవలు పిలుస్తారు. దివ్యంగా ఉంటుంది.

నడిపమ్మాయి
మొదటి నుంచి చదువుతూ వచ్చాను. తవుడు గారిని ఒక ప్రశ్న అడగాలి, దానికి ముందు మా ఇంటి సంగతి.

నాకు మా నాయనమ్మ పేరు పెట్టారు. మా అమ్మకు ఆవిడ అత్తగారు. అత్తగారి పేరు కోడలు నోటితో పలకకూడదు కదా, ఇక కన్నకూతురిని ఆ పేరుతో "ఒసేయ్" అని ఎలా పిలుస్తుంది? తిట్టాలన్నా తిట్టలేదు. అందుకని నేను పుట్టిన రోజు నుంచి "అమ్మలూ" అంది. బడి నుంచి మార్కుల కాగితం వస్తే నా పేరు ఉన్న గీత దగ్గర వేలు పెట్టి చూపించేది, చదివేది కాదు. బ్యాంకులో నామినీ పేరు అడిగితే గుమస్తా చేతికి నా ఆధార్ కార్డు ఇచ్చి చూసుకోమంది. నాయనమ్మ పోయి పదహారేళ్ళు అయినా అమ్మ నోట నా పేరు నేను ఇప్పటికీ వినలేదు.

తవుడు గారూ, మీ బడిపేరు ఎవరిది?

నాగావళి_తీరం
మా తాతది. నాన్నకు తండ్రి.

నడిపమ్మాయి
అయితే ఒకటి ఆలోచించండి. తవుడు అనవద్దన్నారు. మామగారి పేరు ఆవిడ పలకదు. ఇక ఆవిడ మిమ్మల్ని ఏమని పిలవాలి?

నాగావళి_తీరం
మీ మాట చదివి లేచి బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. నలభై ఏళ్ళు దాటిన మనిషిని, ఇది నాకు తట్టలేదు. "బాబూ" అనవచ్చు కదా అనుకున్నాను ఇన్నాళ్ళూ. కానీ మా ఇంట్లో బాబు అంటే మా తమ్ముడు. ఆ పేరు వాడిది. నాకు ఉన్నది ఆ ఒక్కటే, అది మేము తీసేసుకున్నాము.

శుక్రవారం రాత్రి రైలుకు ఊరు వెళుతున్నాను.

రాతిబండ
వెళ్ళి రండి. ఫోనులో తేలే విషయం కాదు ఇది.

పెన్నా_గట్టు
ఆ పక్కింటి పెద్దమ్మ ఉన్నారా? ఉంటే ఆవిడనూ చూసి రండి. లెక్క ప్రకారం మిమ్మల్ని అమ్మినావిడ ఆవిడే.

నాగావళి_తీరం
ఉంది. ఎనభై ఆరేళ్ళు. ప్రతి సంక్రాంతికీ మా ఇంటి నుంచి ఆవిడకు చీర వెళుతుంది. తవుడు బాకీ అంటుంది మా అమ్మ.

డల్లాస్_దొండపాదు
వారం అయింది. తవుడు గారు రాలేదు. నాకు ఆఫీసులో కూడా అదే ఆలోచన.

గోల్‌బజార్_ఖరగ్‌పూర్
నేనూ రోజూ చూస్తున్నాను. ఈలోగా మా అమ్మమ్మను అడిగాను. తనను ఎన్ని మానికల తవుడుకు కొన్నారో తనకు తెలుసట. "మూడు" అని వేళ్ళు చూపించింది. ఖరీదు తక్కువని మా తాతయ్య పెళ్ళిలో నవ్వితే నెల రోజులు మాట్లాడలేదట.

నాగావళి_తీరం
తిరిగి వచ్చాను. రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

నేను వెళ్ళేసరికి అమ్మ పెరట్లో చిక్కుడు పందిరి కింద కూర్చుని కాయలు వలుస్తోంది. నేనూ కూర్చుని వలిచాను. కాసేపటికి అడిగాను, నన్ను ఎందుకు పిలవడం లేదని. కోడలి మీద కోపం లేదు, నా మీదా లేదు. "ఆ పేరు నువ్వు దక్కాలని పెట్టింది. దక్కావు. ఇల్లు కట్టుకున్నావు. ఇంకా ఎందుకు దాన్ని మోయడం అనిపించింది, ఆ అమ్మాయి చెప్పింది నిజమే కదా" అంది. మరి వేరే పేరుతో పిలవవచ్చు కదా అన్నాను. తల దించుకుని చాలాసేపు కాయలు వలిచింది. నడిపమ్మాయి గారూ, మీరు చెప్పినదే. రాత్రి పడుకున్నాక ఒంటరిగా మామగారి పేరు పలికి చూసిందట. పెదవులు కదిలాయి కానీ గొంతు రాలేదట.

అప్పుడు, జీవితంలో మొదటిసారి, నాకు ముందు పుట్టినవాళ్ళ గురించి అడిగాను. ఇన్నేళ్ళూ "దక్కలేదు" అనే మాటతోనే సరిపెట్టాను. మొదటిది ఆడపిల్ల, తొమ్మిది రోజులు ఉంది. రెండోవాడు పదమూడు రోజులు. ఇద్దరూ పాలు తాగడం మానేశారట. డాక్టరమ్మ గారు ఇక్కడ రాసినదంతా అమ్మ నోట విన్నాను, ఆవిడకు ఆ జబ్బు పేరు మాత్రం తెలియదు. మా వైపు ఇరవై ఒకటో రోజున పేరు పెడతారు. వాళ్ళిద్దరూ అంత దాకా ఉండలేదు. కల్లోకి వచ్చినా ఏమని పిలవాలో తెలియక ఊరుకుంటానంది. "పిలుచుకోవడానికి నాకు పేరు దొరికింది నీకే" అంది.

నేను పుట్టిన మూడో రోజునే నాయనమ్మ తవుడు కొలిచి పోసిందట. ఇరవై ఒకటో రోజు దాకా ఆగడానికి ఆవిడకు ధైర్యం చాలలేదట.

డాక్టరమ్మ_మందారం
తొమ్మిది, పదమూడు. ఆ రోజుల లెక్క చూస్తే ధనుర్వాతమే అయి ఉండవచ్చు. మీ అమ్మగారి పెంపకంలో లోపం లేదని, ఎవరి దిష్టీ కాదని, ఆ రోజుల్లో ఒక్క సూది అంది ఉంటే ఇద్దరూ బతికే అవకాశం ఉండేదని ఆవిడకు చెప్పండి. చాలా మంది తల్లులు ముసలితనం దాకా ఆ తప్పు తమదే అనుకుంటారు.

నాగావళి_తీరం
చెబుతాను. మీరు రాసినది చదివి వినిపిస్తాను.

పెన్నా_గట్టు
పక్కింటి పెద్దమ్మ ఏమన్నారు?

నాగావళి_తీరం
అంతా విని పెద్దమ్మ మంచం మీద నుంచే అమ్మను కేకలేసింది. "పేరు వద్దంటే బేరం రద్దు, నా పిల్లాణ్ణి నాకిచ్చెయ్యి" అంది. అమ్మ "అయితే మా తవుడు మాకు తిరిగి కొలిచి పొయ్యి" అంది. "అది మా గేదె అప్పుడే తినేసింది, ఇక వాడు నీవాడే, పిలుచుకో" అంది. నలభై ఏళ్ళ కిందటి గేదెను తలచుకుని ఇద్దరూ కళ్ళు తుడుచుకునే దాకా నవ్వారు.

నల్లకలువ
మరి నలుగురిలో?

నాగావళి_తీరం
అది నా భార్య తేల్చింది. నేను ఊళ్ళో ఉండగానే ఫోను చేసి, అత్తయ్యా, ఎవరున్నా లేకపోయినా మీరు పిలిచేదే పిలవండి, అర్థం అడిగినవాళ్ళకు నేను చెబుతాను అంది. మా పాపకు ఎనిమిదేళ్ళు, తనను ఎంత తవుడుకు కొన్నారని అడుగుతోంది. తను ఆసుపత్రిలో పుట్టిందని, కొనవలసిన అవసరం రాలేదని చెప్పాను. కొంచెం నిరాశపడింది.

ఇది రాస్తుంటే ఫోను మోగింది. "తవుడూ, చిక్కుడుకాయల సంచీ రైల్లో మరిచిపోయావా, ఇంటికి తెచ్చావా?"

తెచ్చాను.